నిండు నిమిషం

పోయిన మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు హోసూరులో, మా వీధి చివర ఉన్న చిన్న క్లినిక్‌లో, ఒక నర్సు పిల్ల నా వేలికి క్లిప్పు తగిలించింది. ఇప్పుడు అందరికీ తెలిసిన వస్తువే అది. వేలికి పెట్టగానే ఎర్రగా వెలిగి, నాలుగైదు సెకండ్లలో నాడి అంకె చూపిస్తుంది. పిల్ల ఆ అంకెను చీటీ మీద రాసుకుంది. అయిపోయింది కదా అని నేను లేవబోయాను. ఆమె క్లిప్పు తీసి పక్కన పెట్టి, నా ఎడమచేతిని దగ్గరికి లాక్కుని, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది. తన గడియారం వైపు చూడసాగింది. ఆ గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు తిరిగి ఉంది.

పదిహేను సెకండ్లయ్యాయి, వదల్లేదు. ముప్ఫై అయ్యాయి, వదల్లేదు. నా వెనక బెంచీ మీద ఏడుగురు కాచుకుని ఉన్నారు. ఒకాయన వినపడేట్టు దగ్గాడు. పిల్ల తలెత్తలేదు. నేను మాత్రం ఆ మూడు వేళ్ళ మీది నుంచి కళ్ళు తిప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళు నర్సు ఉద్యోగం చేశాను. గడియారాన్ని అలా లోపలికి తిప్పి కట్టుకుని, మూడు వేళ్ళతో నిండు నిమిషం నాడి పట్టే మనిషిని ఆ ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కదాన్నే చూశాను. ఆమె పోయి రెండేళ్ళ నాలుగు నెలలు. ఈ పిల్ల చదువు ముగించి ఆరు నెలలు కూడా కాలేదట. ఆమెను చూసి ఉండే వీలే లేదు.

ఆమె పేరు రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. మా నర్సుల సంఘం సన్మానాలలో పేర్లు చదువుతుంటే, "ఈ పేర్లు డ్యూటీ లిస్టులో యాడుండాయక్కా, నాకు కనపడలేదే" అని నా చెవిలో అడిగిన మనిషి.

ఆమె ఊరు తళి వైపు, కర్ణాటక సరిహద్దు దగ్గర. ఇంట్లో క్యాబేజీ, బీన్సు పండించేవాళ్ళు, తరువాత అన్నదమ్ములు ప్లాస్టిక్ పందిళ్ళ కింద గులాబీలు వేశారు. ఉదయం మొదటి బస్సులో కూరగాయల మూటల నడుమ నిలబడి వచ్చి, ఏడూ ఇరవై అయిదుకు మా ఆసుపత్రి వార్డులో ఉండేది. నేను హెడ్ నర్సుగా ఏడేళ్ళు ఆమె హాజరు చూశాను. ఆ ఏడేళ్ళలో ఆలస్యం రెండంటే రెండుసార్లు. రెండుసార్లూ ఏనుగుల మంద రోడ్డుకు అడ్డం నిలబడినందువల్ల. మొదటిసారి నేను నమ్మలేదు, ఎర్ర ఇంకుతో 'ఆలస్యం' అని రాశాను. రెండోసారి బస్సు కండక్టరును వెంటబెట్టుకుని వార్డుకు వచ్చింది. "చెప్పప్పా, ఎన్ని ఏనుగులో అక్కకు చెప్పు. అక్క లెక్క రాసుకుంటాది" అంది. ఆయన టికెట్ల సంచీ పట్టుకుని నిలబడి "తొమ్మిదమ్మా, అందులో రెండు పిల్లలు" అన్నాడు. నేను నిజంగానే రాసుకున్నాను.

పొట్టి మనిషి. నడకలో చప్పుడుండేది కాదు, మాటలో ఉండేది. రోగి మంచం మీద ఎన్నడూ కూర్చోలేదు. తెచ్చుకున్న రాగిముద్దను స్టోరు గది తలుపు దగ్గర నిలబడే తినేది, ఒక కన్ను వార్డు మీద ఉంచి. తిట్టడానికి తమిళం, ఓదార్చడానికి తెలుగు, లెక్కపెట్టడానికి కన్నడం వాడేది. అయిదో తరగతి దాకా కన్నడ బడిలో చదివిందట. అంకెలు ఆ భాషలోనే పాతుకుపోయాయి. నాడి చూసేటప్పుడు పెదవులు కదిలేవి. తెలియని రోగులు ఏదో మంత్రం చదువుతోందని చేతులు జోడించేవాళ్ళు.

నాడి విషయానికే రావాలి. అందరమూ పదిహేను సెకండ్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి రాసేవాళ్ళం. నేనూ అంతే. ఆమె మాత్రం నిమిషం నిండేదాకా చెయ్యి వదిలేది కాదు. ఎందుకంటే ఏమందో నాకు మాటకు మాట గుర్తుంది.

"పదిహేను సెకండ్లలో ఒక్క దెబ్బ జారిపోయిందనుకో, నువ్వు నాలుగుతో హెచ్చేస్తావు. అప్పుడు నాలుగు పోయినట్టు. లెక్కలు బాగా వస్తాయి కదా నీకు, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లక్కా?"

లెక్కలు వచ్చినదాన్ని కాబట్టి నాకు తగిలింది. తప్పును నాలుగుతో హెచ్చవేస్తున్నామన్న సంగతి అంతవరకు నా బుర్రకు తట్టలేదు.

ఆమెకు ఇంకో అలవాటుంది. ఎవరు గొడవపడినా వాళ్ళ చెయ్యి పట్టుకునేది. ఒకసారి ఒక ముసలాయన కొడుకు వార్డులో నిలబడి, డాక్టరు రాలేదని కేకలు వేస్తున్నాడు. ఈమె పోయి అతని మణికట్టు పట్టుకుని గడియారం చూడసాగింది. అతను ఏం చేయాలో తెలియక కేకలు ఆపాడు. నిమిషమైన తరువాత, "నూటా ఇరవై ఒకటి. మీ నాయనకు ఎనభై రెండే ఉండాది. ఆయన్ని ఇంటికి పంపిస్తా, ఆ మంచం మీద నువ్వు పడుకో అప్పా" అంది. పక్క మంచాల వాళ్ళు నవ్వారు. అతను కూడా నవ్వి బయటికి పోయి, టీ తాగి వచ్చాడు. నిమిషం సేపు ఎవరైనా చెయ్యి పట్టుకుంటే కోపం నిలవదని ఆమె లెక్క. ఏడేళ్ళలో ఆ లెక్క తప్పడం నేను చూడలేదు.

సంఘం సంగతికి వస్తాను. మా నర్సుల సంఘం శాఖకు పందొమ్మిదేళ్ళు మినిట్స్ రాసింది నేనే. చేతిరాత బాగుంటుందని నాకు అప్పగించారు. సమావేశం ఎప్పుడూ పనిరోజున, పదిన్నరకే. అంటే వార్డులో ఉన్నవాళ్ళెవరూ రాలేరు. ఆఫీసు పనికి మారినవాళ్ళు, సెలవులో ఉన్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు వచ్చేవాళ్ళు. నాకది తప్పని తోచలేదు. పుస్తకం నీటుగా ఉందా లేదా అన్నదే నా చింత.

ఒక మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి అడిగింది.

"అక్కా, నర్సులకు తలుపుకు గడియ ఉండే ఒక రూము కావాలని, ఒక మంచం, ఒక కుళాయి ఉండాలని తీర్మానం రాసినావు కదా. ఎన్నిసార్లు రాసినావు?"

పుస్తకం తీసి చూశాను. "పదకొండుసార్లు" అన్నాను, కొంచెం గర్వంగానే.

"పదకొండుసార్లూ ఏమని రాసినావు?"

"ఏకగ్రీవంగా ఆమోదించారని."

"ఏకగ్రీవమంటే?"

"ఎవరూ కాదనలేదని."

"కాదనేవాళ్ళంతా డ్యూటీలో ఉండారు కదక్కా" అని నవ్వింది. "మేము బట్టలు మార్చుకునేది ఇంకా ఆ స్టోరు రూములోనే. తలుపుకు చీపురుకట్ట అడ్డం పెట్టుకుని. నీ పుస్తకంలో చీపురుకట్ట యాడన్నా ఉందా?"

లేదు. తీర్మానాలకు వరుస నంబర్లున్నాయి, చీపురుకట్ట లేదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకోబోతే లాగేసుకున్నాను.

ఆ తరువాత రెండు నెలలకు జవళగిరి పిల్ల గొడవ వచ్చింది. ఆ గొడవకు మొదలు నేను.

ఆ పిల్ల ఊరు జవళగిరి, ఇంట్లో గొర్రెలు మేపేవాళ్ళు. వాళ్ళింట్లో ఉద్యోగం చేసిన మొదటి మనిషి. కాంట్రాక్టు నర్సుగా మా దగ్గర చేరి పద్నాలుగు నెలలైంది. వారానికొకసారి చార్టులు సరిచూడడం నా పని. ఒక గురువారం ఆ పిల్ల సాయంత్రం ఆరు గంటలకు రాసిన నాడి అంకెలు చూస్తున్నాను. డెబ్బై రెండు, ఎనభై, డెబ్బై ఆరు, ఎనభై ఎనిమిది, ఎనభై నాలుగు. ఒక్క బేసి సంఖ్య లేదు. నలభై నాలుగు మంది రోగులు, నలభై నాలుగు అంకెలూ నాలుగుతో శేషం లేకుండా పోతున్నాయి. నాకు భలే సంతోషమైంది. మార్జినులో పెన్సిలుతో '44కు 44, నాలుగుతో పోతున్నాయి, గమనించాలి' అని రాశాను. పిల్లను పిలిచి, పదిహేను సెకండ్లు పట్టి హెచ్చవేయవద్దని చెప్పాలని నా ఉద్దేశం. మా తమ్ముడి కూతురి పెళ్ళికని మరునాటి నుంచి రెండు రోజులు సెలవులో పోయాను. పెన్సిలు రాత చెరపలేదు. శుక్రవారం మామూలుగా చార్టుల కట్ట పైఆఫీసుకు పోయింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల చేతిలో మెమో ఉంది. నాడి చూడకుండానే అంకెలు ఊహించి రాసినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసివేయకూడదో వచ్చే సోమవారం విచారణకు వచ్చి చెప్పాలని.

ఆ మధ్యాహ్నమే ఆమె నా గదికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా మణికట్టు పట్టుకుంది. ఈసారి నేను లాక్కోలేదు. నిమిషం గడిచింది.

"నూటా ఆరు" అంది. "పెన్సిలు రాత నీదే కదా?"

"నాదే. కాని చూడకుండా రాసిందని నేను రాయలేదు. నాలుగుతో పోతున్నాయని రాశాను."

"నువ్వు లెక్క రాసినావు. వాళ్ళు దానికి కథ కట్టినారు."

"నిండు నిమిషం పట్టాలని ఎప్పుడూ అనేది నువ్వే కదా. ఆ పిల్ల పట్టలేదు. తప్పే కదా?"

"తప్పే. నేనూ దాన్ని రెండుసార్లు తిట్టినా. కానీ నేను ఒక వార్డు చూసుకుంటా తిట్టినా. అది ఆ రోజు రెండు వార్డులు చూస్తా ఉండింది, ఒక్కతే. నీకు లెక్కలు వస్తాయి కదా అక్కా, వెయ్యి. నేను చెప్తా, నువ్వు వెయ్యి."

వేశాను. ఒక వార్డులో ఇరవై ఆరు, ఇంకోదానిలో పద్దెనిమిది, మొత్తం నలభై నాలుగు. నాడికి ఒక నిమిషం, ఊపిరికి ఒకటి, బి.పి.కి రెండు, జ్వరం చూసి అన్నీ రాయడానికి ఇంకొకటి, మనిషికి అయిదు నిమిషాలు. నలభై నాలుగు అయిదులు రెండువందల ఇరవై. అంటే మూడు గంటల నలభై నిమిషాలు. నాలుగు గంటలకొకసారి చూడాలి. మిగిలేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఇంజెక్షన్లు, డ్రిప్పులు, కట్లు, కొత్తగా వచ్చినవాళ్ళు, వాళ్ళ చుట్టాలు.

"ఇంకోటి వెయ్యి" అంది. "నిమిషం బదులు పదిహేను సెకండ్లు పట్టింది కదా, దానివల్ల దానికి ఎంత మిగిలింది?"

మనిషికి నలభై అయిదు సెకండ్లు. నలభై నాలుగు మందికి వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై సెకండ్లు. ముప్ఫై మూడు నిమిషాలు, ఒక్క సెకండు ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంత నిఖార్సుగా రావడం చూసి ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె అప్పటికే ఇంజెక్షన్ల పుస్తకం తెచ్చి చంకలో పెట్టుకుని ఉంది. తెరిచి బల్ల మీద పరిచింది. ఆ సాయంత్రం ఆ పిల్ల పంతొమ్మిది ఇంజెక్షన్లు వేసింది, పదకొండు డ్రిప్పులు మార్చింది, ఒక ఫిట్స్ మనిషిని పట్టుకుని కూర్చుంది. ఆ ముప్ఫై మూడు నిమిషాలు ఎక్కడికి పోయాయో పుస్తకంలో వరుసగా ఉంది. నేను చార్టు చూశాను గాని ఆ పుస్తకం తెరవలేదు.

"సోమవారం అది ఒక్కతే పోయి కూర్చుంటే ఎదురుగా నలుగురుంటారు" అంది ఆమె. "పక్కన సంఘం మనిషి ఉండాల. చేతిలో సంఘం లెటరుండాల. నువ్వు ఫోను చెయ్యి."

అధ్యక్షురాలికి ఫోను చేశాను. కాంట్రాక్టు నర్సులకు సభ్యత్వం లేదని, శనివారం కృష్ణగిరిలో జనరల్ బాడీ ఉందని, సమయం మిగిలితే చూద్దామని అన్నది. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"శనివారం పదిన్నరకా? మంచిది. శుక్రవారం నైటు డ్యూటీ వేయించుకుంటాము" అంది.

నాకు అర్థం కాలేదు. శనివారం అర్థమైంది.

పదిన్నరకు ఇరవై నిమిషాల ముందు, నేను వేదిక మీద పుస్తకం తెరుచుకుని కూర్చుని ఉండగా, పన్నెండు మంది నర్సులు యూనిఫారంతో కల్యాణ మండపంలోకి వచ్చారు. ఏడున్నరకు నైటు దిగి, నేరుగా కృష్ణగిరి బస్సెక్కి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళలో ఏడుగురు కాంట్రాక్టువాళ్ళు. జవళగిరి పిల్ల అందరి వెనక నక్కి నిలబడింది. తలుపు దగ్గర పేర్లు రాసుకుంటున్నావిడ ఆపింది.

"సభ్యులు కానివాళ్ళు కూర్చోడానికి లేదమ్మా."

"కూర్చోరులే. పడుకుంటారు" అని ఆమె అందరినీ లోపలికి తోలింది.

నిజంగానే పడుకున్నారు. నాలుగో వరుసలో పన్నెండు కుర్చీలు పట్టి, ముగ్గురు మెలకువగా ఉంటే తొమ్మిదిమంది తలలు వాల్చి నిద్రపోయారు. అరగంటకొకసారి ముగ్గురు మారారు. మారేటప్పుడు వార్డులో డ్యూటీ అప్పగించినట్టే అప్పగించుకున్నారు. నేను వేదిక అంచున ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"ఏమైంది?" అని లేచిన పిల్ల అడిగింది.

"శాలువా ఒకటి. ఇంకో శాలువా. దీపం ఎట్లా పట్టుకోవాలో చెప్తా ఉండారు."

"మన మాట?"

"ఇంకా రాలే."

"సరే. నువ్వు పడుకో."

ఆమె మొదటి అరగంట వంతు నిద్రకే తీసుకుంది. నోరు కొంచెం తెరుచుకుని, గడియారం ఉన్న చెయ్యి గుండెల మీద పెట్టుకుని, హాయిగా నిద్రపోయింది. నూట నలభై కుర్చీలలో వచ్చినవాళ్ళు డెబ్బై ముగ్గురు. ఆ డెబ్బై ముగ్గురిలో ముందు రాత్రి రోగిని ముట్టుకున్నవాళ్ళు ఆ పన్నెండు మందే.

పన్నెండూ నలభై అయింది. వంట వైపు నుంచి సాంబారు వాసన మొదలైంది. అధ్యక్షురాలు లేచి, ఇతర విషయాలేమీ లేకపోతే వందన సమర్పణ అని తమిళంలో అన్నది. ఆమె అప్పటికే లేచి నడుస్తోంది. మూడు మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది.

"ఉండాది" అంది తెలుగులో. అధ్యక్షురాలిదీ తళి వైపే. అందువల్ల వాళ్ళిద్దరి మాటా తెలుగులోనే నడిచింది. మైకు అందరికీ వినిపించింది. ఆ మండపంలో తెలుగు తెలియనివాళ్ళు నలుగురైదుగురే.

"ఆ పిల్ల సంగతేనా?" అంది అధ్యక్షురాలు. "విచారణ నడిచేటప్పుడు సంఘం నడమల పోకూడదమ్మా. అదీగాక అది మెంబరు కాదు. ఒంటిగంటకు మండపం ఖాళీ చేయాల. ఒక్క నిమిషం కూడా టైము లేదు."

"ఒక్క నిమిషం చాలు" అని ఆమె అధ్యక్షురాలి చెయ్యి పట్టుకుంది.

నేను కలం కింద పెట్టి నా గడియారం చూశాను. మొదటి పది సెకండ్లు ఎవరికీ ఏం జరుగుతోందో తెలియలేదు. పదిహేను కాగానే ఆమె తలెత్తకుండా, లెక్క వదలకుండా మైకు వైపు, "ఈడికి ఆ పిల్ల వదిలిపెట్టి పక్క మంచానికి పోయింది" అంది. మళ్ళీ పెదవులు కదిలాయి. ఇరవైకి అధ్యక్షురాలు చెయ్యి లాగబోయింది, ఆమె వదల్లేదు. ఫ్యాన్ల చప్పుడు వినపడింది. వంటగదిలో ఎవరో గరిటె జారవిడిచారు. నాలుగో వరుసలో ఒక పిల్ల తల వాలి, ఉలిక్కిపడి లేచింది. ముప్ఫై. ముందు వరుసలో శాలువా కప్పుకున్న పెద్దావిడ ఇబ్బందిగా కదిలింది. ఇంకా సగమే అయిందా అని నేను గడియారాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాను.

నలభై దాటాక చూశాను. అధ్యక్షురాలు చెయ్యి లాక్కోవడం మానేసింది. పదహారేళ్ళయింది ఆవిడ వార్డు వదిలి ఆఫీసు కుర్చీలోకి వచ్చి. ఆవిడ కళ్ళు మెల్లగా ఆమె గడియారం మీదికి పోయాయి. తరువాత, ఆమె పెదవుల మీది అంకెను అందుకుని, ఆవిడ పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి. ఒకరి నాడిని ఇద్దరూ లెక్కపెడుతున్నారు.

"తొంబత్తేళు" అంది ఆమె కన్నడంలో.

"తొంభై ఏడు" అంది అధ్యక్షురాలు, అదే క్షణాన.

"నాలుగుతో పోదు" అన్నాను నేను. మినిట్స్ రాసే మనిషి మాట్లాడకూడదు. అంతవరకు ఎన్నడూ మాట్లాడలేదు కూడా. మండపమంతా నవ్వింది. ఆ నవ్వులో నేను లేచి నిలబడ్డాను.

"ఇది ఒకటి" అంది ఆమె సభ వైపు తిరిగి. "ఇట్లాంటివి నలభై నాలుగు. మిగతాది అక్క చెప్తాది."

చెప్పాను. రెండువందల ఇరవై నిమిషాలు చెప్పాను, మిగిలిన ఇరవై చెప్పాను, ముప్ఫై మూడు చెప్పాను, పంతొమ్మిది ఇంజెక్షన్లు, పదకొండు డ్రిప్పులు చెప్పాను. చివరికి ఆ పెన్సిలు రాత నాదని, లెక్క సగమే వేసి రాశానని చెప్పాను. నిద్రపోతున్న తొమ్మిదిమందీ ఎప్పుడు లేచారో, పన్నెండు మందీ నిలబడి ఉన్నారు.

అధ్యక్షురాలు తన మణికట్టును రెండో చేత్తో రుద్దుకుంది. "నిమిషం ఇంత పొడుగుంటాదని మరిచిపోయినా" అంది. తరువాత నా వైపు తిరిగి, "లెటరు రాయండి. ఇప్పుడే సంతకం పెడతా" అంది.

ముందు వరుస నుంచి ఎవరో, "మెంబరు కాదు కదా, ఏమని రాస్తారు?" అన్నారు.

"మెంబరని రాయొద్దండి" అంది అధ్యక్షురాలు. "నర్సు అని రాయండి."

రాశాను. చేతులెత్తమంటే డెబ్బై ముగ్గురిలో అరవై ఎనిమిది చేతులు లేచాయి, మిగిలిన అయిదుగురు కాదనకుండానే లేచి భోజనానికి పోయారు. పుస్తకంలో ఏకగ్రీవమన్న మాట రాయడానికి చెయ్యి ఆగింది. ఆమె నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏకగ్రీవమని రాసుకో అక్కా. ఈ తూరి కాదనేవాళ్ళంతా ఈడనే ఉండారు."

సోమవారం విచారణలో అధ్యక్షురాలే వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. మెమో వెనక్కి తీసుకున్నారు. చార్టులో పెన్సిలు రాత చెరపమని నాకు చెప్పారు. చెరపలేదు. దాని కిందనే ఇంకుతో మొత్తం లెక్క వేసి, సంతకం చేశాను.

సంఘం మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. గది తీర్మానం పన్నెండోసారీ వచ్చింది, పదమూడోసారీ వచ్చింది. నేను రిటైరయ్యేటప్పటికి పద్నాలుగు. కాని పన్నెండోసారి నుంచి నేను 'ప్రస్తుతం స్టోరు గది తలుపుకు చీపురుకట్ట అడ్డం పెట్టుకుంటున్నారు' అనే వాక్యం కూడా చేర్చి రాశాను. పైవాళ్ళు ఆ వాక్యం తీసేయమన్నారు. తీర్మానం కాదు, వివరం అన్నాను. సమావేశాలు కూడా ఆదివారానికి మారాయి.

ఆమెను మాత్రం అయిదు నెలలకే ఊత్తంగరైకి మార్చారు. కారణం ఒక్క ముక్కలో రాశారు, పరిపాలన అని. సంఘం విచారం వెలిబుచ్చింది. ఆమె ఊత్తంగరై నుంచి ఫోను చేసింది, నేను వలవల ఏడుస్తానని అనుకుని ముందే హడావుడిగా మాట్లాడేసింది.

"ఈడ ఎండ జాస్తి. ఏనుగులు లేవు, ఆలస్యానికి సాకు లేదు. నా చేతి కింద ముప్ఫై తొమ్మిది మంది పేషెంట్లు ఉండారు. నిమిషం మాత్రం ఆడెంత పొడుగుందో ఈడా అంతే ఉండాది. నువ్వెట్లుండావక్కా? పల్సు చూసుకుని చెప్పు, నేను లైన్లోనే ఉంటా."

నిజంగానే ఉంది. నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నిండు నిమిషం నా చెయ్యి నేనే పట్టుకున్నాను. అవతల ఊత్తంగరైలో ఏదో బస్సు హారను కొడుతోంది. "డెబ్బై నాలుగు" అన్నాను. "నాలుగుతో పోదు. నిజం లెక్కే" అని పెట్టేసింది.

ఆమె తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. సంఘం సంతాప సభ పెట్టింది. అప్పటికి అధ్యక్షులు వేరే. ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారు, లేచి నిలబడ్డాం. నేను అలవాటుగా గడియారం చూశాను. ఇరవై రెండు సెకండ్లకు మైకులో, "ధన్యవాదాలు, కూర్చోండి" అని వినిపించింది. కుర్చీలు కిర్రుమన్నాయి. నేను నోరు తెరవబోయేలోగా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఇంకా ముప్ఫై ఎనిమిది ఉండాది."

జవళగిరి పిల్ల. కూర్చోలేదు. తల వంచి, లోపలికి తిప్పి కట్టుకున్న గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. కూర్చున్నవాళ్ళంతా ఒక్కొక్కరే మళ్ళీ లేచారు. ముప్ఫై ఎనిమిదీ నిలబడ్డాం.

ఆ పిల్ల ఇప్పుడు ఇంకో ఆసుపత్రిలో పెద్ద సిస్టరు. కొత్త నర్సులకు పని నేర్పుతోంది. నేనది పోయిన మంగళవారమే తెలుసుకున్నాను, నా చెయ్యి పట్టుకున్న పిల్ల నోట.

"మిషన్ చెప్పింది కదమ్మా, మళ్ళీ ఇదెందుకు?" అని అడిగాను, తెలియనట్టు.

"మిషన్ చెప్తాది అవ్వా. కానీ మాకు నేర్పించిన సిస్టరు, నిమిషం నిండేదాకా చెయ్యి వదలొద్దన్నారు."

"ఆ సిస్టరుది ఏ ఊరు?"

"జవళగిరి. మాట్లాడొద్దవ్వా, లెక్క తప్పుతాది. మళ్ళీ మొదట్నించి పట్టాల."

నోరు మూసుకున్నాను. పిల్ల మొదటి నుంచి పట్టింది. బెంచీ మీద ఆయన ఇంకోసారి దగ్గాడు. నేనూ లోలోపల లెక్కపెట్టాను.

"ఎనభై ఏడు" అంది పిల్ల.

నాకు ఎనభై ఆరే వచ్చింది. ఎక్కడో ఒకటి జారవిడిచాను. చెయ్యి వెనక్కి తీసుకోకుండా, "ఇంకొక్కసారి పట్టమ్మా" అన్నాను.